విస్తరాకుల్ని దాచుకునేవాళ్ళు

మన ఇళ్ళల్లో సామాను రెండు రకాలు. తరాల తరబడి ఉండాలని చేయించుకునేవి కొన్ని: రోలు, గంగాళం, అమ్మమ్మ ఇచ్చిన వెండి కుంకుమభరిణె. పని కాగానే పారెయ్యడానికి తెచ్చుకునేవి కొన్ని: విస్తరాకు, మట్టి ముంత. భోజనాలయ్యాక విస్తరి కడిగి, తుడిచి, ఆరబెట్టి, అటకమీద దాచిపెట్టే ఇల్లాలు ఎక్కడైనా ఉంటుందా? ఉంటే ఆవిణ్ణి చూసి నలుగురూ నవ్వరూ?

అచ్చం అలాంటి పనే చేస్తున్నారు కొందరు, అమెరికాలోనూ ఇంగ్లండులోనూ. వాళ్ళని చూసి నవ్వాలో, దణ్ణం పెట్టాలో తేల్చుకుందామనే ఈ నాలుగు మాటలూ.

రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా నౌకాదళం దగ్గర పీటీ బోట్లని ఉండేవి. గస్తీ తిరిగే టార్పెడో పడవలన్నమాట. ఎనభై అడుగుల పొడవు, ఒళ్ళంతా కర్ర. రెండు పొరల మహోగనీ పలకలు, ఆ రెంటి మధ్యా జిగురు పట్టించిన గుడ్డ. లోపల ప్యాకర్డ్ కంపెనీ వాళ్ళ ఇంజన్లు మూడు, ఒక్కొక్కటీ పన్నెండు సిలిండర్లది. తొట్లలో 3000 గ్యాలన్ల పెట్రోలు, అదీ విమానాలకి పోసే రకం. పదిహేనుమంది దాకా కుర్రవాళ్ళు ఆ పెట్రోలు పక్కనే పడుకుని, వండుకుని, తిని, చీకటి పడగానే గంటకి 70 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో శత్రువు ఓడల మీదికి వెళ్ళేవారు. శత్రువు ఓడ ఇనుముది. వీళ్ళది కర్ర పెట్టె. ఒక్క గుండు సరైన చోట తగిలిందా, దీపావళే!

యుద్ధం 1945లో అయిపోయింది. ఫిలిప్పీన్స్‌లో సమార్ దీవి దగ్గరున్న పీటీ బోట్లలో వందకు పైగా పడవల్ని, పనికొచ్చే సామాను ఊడదీసుకుని, ఒడ్డున పెట్టి తగలబెట్టేశారు. మళ్ళీ అమెరికా దాకా తీసుకెళ్ళడం దండగ ఖర్చనుకున్నారు కాబోలు. మొత్తం ఐదువందలకు పైగా కట్టిన ఈ పడవల్లో ఇవాళ వేళ్ళమీద లెక్కపెట్టదగ్గన్నే మిగిలాయి. పంక్తి లేచింది, విస్తళ్ళు ఎత్తేశారు.

ఆ మిగిలినవాటినే ఇప్పుడు వెతికి పట్టుకుని, ఏళ్ళ తరబడి చెక్కి, రంగులు వేసి, ఇంజన్లు బిగించి, కొన్నింటిని మళ్ళీ నీళ్ళలోకి దింపి నడిపిస్తున్నారు. పాతపడవ బాగుచెయ్యడం వడ్రంగి పని కదా, సాహిత్యపు పేజీలో ఈ గోల ఏమిటీ అని మీరు అనవచ్చు. కాని చూడండి, ఇది పాతకథని మళ్ళీ చెప్పడం లాంటిదే. కథ ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ ముక్క ఉంచాలి, ఏ ముక్క తీసెయ్యాలి, ఎవరిని ముందు నిలబెట్టాలి, ఈ తంటాలన్నీ ఇక్కడా ఉన్నాయి. అంచేత నవలని ఎలా తూకం వేస్తామో దీన్నీ అలాగే వెయ్యవచ్చు.

ముందు ఈ పడవల కథని సినిమావాళ్ళు ఎలా చెప్పారో చూద్దాం. జాన్ ఫోర్డ్ 1945లో ఒక సినిమా తీశాడు. దాని పేరుకి మన భాషలో ఖర్చురాసుకోదగ్గ మనుషులు అని అర్థం చెప్పుకోవచ్చు. విలియం వైట్ 1942లో రాసిన పుస్తకం దానికి ఆధారం. ఫిలిప్పీన్స్‌ని జపాను చుట్టుముట్టిన రోజుల్లో అక్కడున్న ఆరు పీటీ బోట్ల కథ అది. 1942 మార్చి 11 రాత్రి కొరెగిడార్ కోట నుంచి సేనాపతి మెకార్థర్‌ని తప్పించింది ఈ పడవలే. ఆయనతో పాటు ఆయన భార్యా, నాలుగేళ్ళ కొడుకూ, ఆ పిల్లవాణ్ణి పెంచే చైనా ఆయా కూడా ఎక్కారు. చీకట్లో, ఎగిరెగిరి పడే కర్రపడవలో, చంటిపిల్లవాడితో రెండు రాత్రుల ప్రయాణం! ఆ తల్లి అవస్థ మనకి ఒకరు చెప్పాలా? సేనాపతి ఒడ్డెక్కాడు. పడవలు మాత్రం ఒకటి తరవాత ఒకటిగా ఆరూ పోయాయి.

సినిమాలోనూ అంతే. గెలుపు లేదు, జెండా ఎగరెయ్యడం లేదు. పడవలు తగ్గుతుంటాయి, మనుషులు తగ్గుతుంటారు, మిగిలినవాళ్ళు చెప్పిన పని చేస్తుంటారు. ముఖ్యపాత్ర వేసిన రాబర్ట్ మాంట్‌గొమరీ అంతకుముందు నిజంగానే పీటీ బోటు మీద పనిచేసి వచ్చినవాడు కావడంవల్ల కాబోలు, ఆయన ఎక్కడా గొంతు పెంచడు. నాకు అన్నిటికన్నా నచ్చింది డోనా రీడ్ వేసిన నర్సు పాత్ర. ఆఫీసర్లు భోజనానికి పిలుస్తారు. ఒంటిమీద వదులు వదులు మిలిటరీ దుస్తులు. విస్తరి ముందు కూచోబోయేముందు ఆ పిల్ల ఒక్కక్షణం ఆగి, తల సవరించుకుని, మెళ్ళో ముత్యాలదండ వేసుకుంటుంది. అంతే. డైలాగు లేదు. యుద్ధం ఆడవాళ్ళ దగ్గర్నుంచి ఏం లాక్కుందో ఆ దండ చెబుతుంది. తరవాత ఆమెకీ జాన్ వేన్‌కీ మధ్య టెలిఫోను మాట సగంలో తెగిపోతుంది. ఆమె ఏమైందో సినిమా చెప్పదు.

కాని బతుకు చెప్పింది! ఆ పాత్రకి మూలమైన అసలు నర్సు శత్రువు చేతికి చిక్కి, ఖైదులో ఉండి, బతికి బయటపడింది. వచ్చి సినిమా చూసింది. నన్ను ఇలా ప్రేమకథలో పెట్టడానికి మీరెవరని కంపెనీ మీద దావా వేసింది. జ్యూరీ ఆమెకి 2 లక్షల 90 వేల డాలర్లు ఇమ్మంది. జాన్ వేన్ వేసిన పాత్రకి మూలమైన ఆఫీసరు కూడా దావా వేశాడు. ఆయనకి వచ్చింది మూడువేలు. కోర్టులు ఎప్పుడోగాని మన పక్షాన అంత బాగా లెక్క కట్టవు!

నవ్వుకి చెప్పలేదు ఈ సంగతి. గుర్తుపెట్టుకోవడం అంటే ఎవరినో ఒకరిని గుర్తుపెట్టుకోవడం. వాళ్ళు మనుషులు. మనం అందంగా చెబుతున్నాం గదా అని వాళ్ళ బతుకుని మనకి నచ్చినట్టు దిద్దితే, వాళ్ళు తిరిగొచ్చి అడుగుతారు. పాతపడవ తిరిగొచ్చి అడగలేదు. అందుకే దాన్ని బాగుచేసేవాళ్ళు మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఇప్పుడు పడవ దగ్గరికి వద్దాం. న్యూ ఆర్లియన్స్‌లో హిగ్గిన్స్ అనే ఆయన కార్ఖానాలో 1943లో తయారైంది పీటీ-305. మధ్యధరా సముద్రంలో యుద్ధం చేసింది. పడవని రేవుకి చేర్చేటప్పుడు కెప్టెను ఇచ్చే కుదుపులు చూసి కుర్రవాళ్ళు దానికి ‘హఠాత్ కుదుపు’ అని ముద్దుపేరు పెట్టుకున్నారట. మన ఎర్రబస్సులకి పెట్టవలసిన పేరు! యుద్ధమయ్యాక అమ్మేశారు. కొన్నాళ్ళు న్యూయార్కులో జనాన్ని తిప్పింది. కొన్నాళ్ళు చేపలు పట్టేవాళ్ళని మోసింది. ఆఖరికి ఆల్చిప్పలు తీసే పడవగా మారింది. 65 అడుగులు దాటిన పడవకి సర్కారు నిబంధనలు ఎక్కువని, ఎవరో మహానుభావుడు వెనకవైపు పదమూడు అడుగులు కోసి పారేశాడు! కొత్త ఇంట్లో పట్టలేదని పందిరిమంచం కోళ్ళు కోయించినట్టు.

న్యూ ఆర్లియన్స్‌లోని రెండో ప్రపంచయుద్ధపు మ్యూజియంవాళ్ళు దాన్ని 2007లో తెచ్చుకున్నారు. రెండువందలమందికి పైగా జనం, చాలామంది ఉద్యోగాల నుంచి రిటైరైనవాళ్ళు, జీతం బత్తెం లేకుండా పదేళ్ళపాటు పనిచేశారు. కోసేసిన భాగం మళ్ళీ కట్టారు. పుచ్చిన పలకలు మార్చారు. ఆ రకం పాత ప్యాకర్డ్ ఇంజన్లే తెచ్చి బాగుచేసి పెట్టారు. 2017లో ఆ పడవ టిక్కెట్టు కొన్నవాళ్ళని ఎక్కించుకుని, పుట్టినప్పుడు పరీక్షగా తిరిగిన పాంచర్‌ట్రెయిన్ సరస్సులోనే మళ్ళీ పరుగెత్తింది.

ఇన్ని పలకలు మార్చాక అది ఆ పడవేనా అని కొందరి సందేహం. ఈ సందేహం మనకి అంతగా రాదు. పూరీ జగన్నాథుడి రథాలు ఏటేటా కొత్త కర్రతోనే కడతారు. ఇది ఆ రథం కాదని ఎవరైనా అన్నారా? అమ్మమ్మ కత్తిపీటకి చెక్క మారిస్తే అది అమ్మమ్మది కాకుండా పోతుందా? ఆకారం అదే, పని అదే, దాన్ని తలుచుకునే మనుషులు వాళ్ళే అయినప్పుడు వస్తువు అదే. ఆ విషయంలో వలంటీర్లకి నా ఓటు.

నా పేచీ వేరే చోట. ఆ పడవ యుద్ధం చేసింది ఏడాదీ రెండేళ్ళూ. చేపలూ ఆల్చిప్పలూ మోసింది దశాబ్దాలు. బాగుచేసినవాళ్ళు కథని 1945 దగ్గర ఆపి, తరవాతి కాపరమంతా గీకేసి, మీద యుద్ధపు రంగు పూశారు. పెళ్ళినాటి ఫోటో ఒక్కటే గోడకి తగిలించి మిగతావన్నీ పెట్టెలో పడేసినట్టు. ఆల్చిప్పలు మోసి ఉండకపోతే ఆ పడవ ఈనాటికి మిగిలేదేనా? దాన్ని కాపాడింది ఆ చాకిరీయే. దాన్ని చెప్పడానికి సిగ్గెందుకు?

ఇంకోమాట. హిగ్గిన్స్ కార్ఖానాలో వేలకొద్దీ జనం పనిచేశారు. వాళ్ళలో ఆడవాళ్ళున్నారు, నల్లవాళ్ళున్నారు, తెల్లవాళ్ళున్నారు, ముసలివాళ్ళున్నారు. నలుపు తెలుపు వేరువేరుగా కూచోవలసిన ఆ రోజుల్లో, ఆ ఊళ్ళో, అందరూ పక్కపక్కన నిలబడి, ఒకే పనికి ఒకే కూలి తీసుకున్నారు. పడవ నడిపిన కుర్రవాళ్ళని తలుచుకోవడం ఎంత న్యాయమో, పలకలకి మేకులు కొట్టిన ఆ చేతుల్ని తలుచుకోవడమూ అంతే న్యాయం. ఇంజను మోతలో అవి కొట్టుకుపోకూడదు.

ఇక అసలు తగువు: దాచాలా, నడపాలా? మాసచూసెట్స్‌లో ఫాల్ రివర్ అనేచోట రెండు పీటీ బోట్లని ఒడ్డుమీద పాకల్లో నిలబెట్టారు. అందులో 796 అనే దానిది చిత్రమైన కథ. 1961లో కెనడీ అధ్యక్షుడైనప్పుడు దాని మీద 109 అని రాసి ఊరేగించారు. అసలు 109 కెనడీ నడిపినది. 1943 ఆగస్టులో సోలమన్ దీవుల దగ్గర జపాను డిస్ట్రాయరు దాన్ని రెండు ముక్కలు చేసింది. పదముగ్గురిలో ఇద్దరు పోయారు. అది సముద్రం అడుగున ఉండిపోయింది, ఇది దాని పేరు పెట్టుకుని ఊరేగింది. నాటకంలో అసలు నటుడికి జ్వరమొస్తే ఇంకొకడు కిరీటం పెట్టుకున్నట్టు!

ఒరెగాన్ రాష్ట్రంలో పోర్ట్‌లండ్‌వాళ్ళది ఇంకో పద్ధతి. వాళ్ళ పీటీ-658 యుద్ధం చివర్లో, 1945లో తయారైంది. ఒక్క గుండూ పేల్చలేదు, ఒక్క గుండూ తినలేదు. అయినా ఒకనాడు పీటీ బోట్ల మీద పనిచేసిన ముసలివాళ్ళు దాన్ని చేరదీసి, మూడు ప్యాకర్డ్ ఇంజన్లతో మళ్ళీ నీళ్ళలో నడిపించారు. తమ పడవలు తగలబడిపోయినవాళ్ళకి ఆ పడవే దిక్కైంది. బిడ్డ పోయిన తల్లి పక్కింటి పిల్లకి జడ వేసినట్టు.

పట్టుచీర సంగతి మనకి తెలియనిది కాదు. కడితే నలుగుతుంది, మరక పడుతుంది. కట్టకుండా పెట్టెలో పెడితే మడత దగ్గరే పుటుక్కున చిరుగుతుంది. కర్రపడవా అంతే. ఒడ్డున పెడితే ఎండి పలకల మధ్య సందులు విచ్చుతాయి. నీళ్ళలో ఉంచితే నాని పుచ్చుతుంది. నడిపితే ఇంజను అరుగుతుంది, పెట్రోలు తాగుతుంది. పూర్తి వేగంతో పోతే గంటకి ఐదువందల గ్యాలన్ల దాకా తాగే పడవ! మన వంటింటి బడ్జెట్లతో దాన్ని తలుచుకోవద్దులెండి.

ఖర్చు సంగతి అలా ఉంచితే, నా మొగ్గు నడిపేవాళ్ళ వైపే. పాకలో నిలబెట్టిన పడవ అందంగా ఉంటుంది. గట్టిగా కూడా కనిపిస్తుంది. అదే తిరకాసు. కదిలినప్పుడే అది ఎంత పలచటి పెట్టెయో తెలుస్తుంది. పాదాల కింద పలకలు అదురుతుంటే, పెట్రోలు వాసన గుప్పుమంటుంటే, పక్కమనిషి మాట వినిపించకపోతుంటే, దీంట్లో పందొమ్మిదేళ్ళ కుర్రాడు చీకట్లో ఎలా వెళ్ళాడురా భగవంతుడా అనిపిస్తుంది. ఆ ప్రశ్న గాజు తలుపుల వెనక అంత తొందరగా పుట్టదు.

కాని నడపడంలోనే పెద్ద ప్రమాదమూ ఉంది. వేగం మత్తు లాంటిది. నురగ ఎగురుతుంటే, గాలి మొహాన కొడుతుంటే, పిల్లలు కేరింతలు కొడతారు. పెద్దలూ కొడతారు. దిగేటప్పుడు యుద్ధం భలే సరదాగా ఉంటుందన్న ఊహ మిగిలితే, పదేళ్ళ చాకిరీ రంగులరాట్నం పాలైనట్టే.

ఈ పరీక్షకి నిలిచిన పడవ ఒకటి ఇంగ్లండులో ఉంది. పేరు ఎమ్‌టీబీ 102. వోస్పర్ కంపెనీ పోర్ట్స్‌మత్‌లో 1937లో కట్టింది, 68 అడుగులు. 1940లో డంకర్క్ ఒడ్డున చిక్కుకున్న సైన్యాన్ని తప్పించేటప్పుడు ఎనిమిదిసార్లు అటూ ఇటూ తిరిగింది. జూన్ 1న అడ్మిరల్ వేక్-వాకర్ ఎక్కిన డిస్ట్రాయరు మునిగిపోతే, ఆయన ఈ పడవలోకి మారాడు. అడ్మిరల్ ఎక్కితే ఆయన జెండా ఎగరాలి. జెండా లేదు. కుర్రవాళ్ళేం చేశారో తెలుసా? గిన్నెలు తుడిచే గుడ్డ తీసి, దానిమీద ఎర్రరంగు పూసి కట్టేశారు! బ్రిటిషు నౌకాదళం గౌరవం ఆ పూట వంటింటి గుడ్డ కాపాడింది.

ఆ తరవాత ఆ పడవ షికారు పడవైంది. స్కౌటు పిల్లలకి ఆట ఇల్లైంది. 1976లో వచ్చిన యుద్ధపు సినిమా ఒకదానిలో వేషం కట్టింది. ఆ సినిమా పుణ్యమా అనే దానికి మరమ్మతు కూడా జరిగింది. ఒక ట్రస్టు దాని ఆలనాపాలనా చూసుకుంటోంది. డంకర్క్ చిన్న పడవలు తమ పాతదారిన మళ్ళీ సముద్రం దాటినప్పుడు వాటి జతన ఇదీ వెళ్ళింది. నాకు ఇది ఎందుకు నచ్చిందంటే, దీని కథలో వీరత్వం పక్కనే గిన్నెలగుడ్డ ఉంది, స్కౌటు పిల్లల అల్లరి ఉంది. వాళ్ళు ఏదీ దాచుకోలేదు. పైగా అది చేసిన గొప్పపని చంపడం కాదు, మనుషుల్ని ఒడ్డుకి చేర్చడం.

ఇక శత్రువు పడవ మాటేమిటి? జర్మన్ల వేగపు పడవల్లో మిగిలింది ఒక్కటే, ఎస్-130. అదీ ఇంగ్లండుకే చేరింది. కార్న్‌వాల్‌లో ఒడ్డుకెక్కించి ఏళ్ళ తరబడి దాని మరమ్మతు సాగించారు. 1944 ఏప్రిల్ 28 తెల్లవారుజామున, నార్మండీ దండయాత్రకి రిహార్సలు చేస్తున్న అమెరికన్ ఓడల మీద తొమ్మిది జర్మన్ పడవలు విరుచుకుపడ్డాయి. 749 మంది పోయారు. ఆ తొమ్మిదిటిలో ఇదొకటి. ఇలాంటిదాన్ని బాగుచెయ్యడమేమిటని కొందరు మండిపడితే తప్పుపట్టలేను. నేను మాత్రం బాగుచెయ్యమనే అంటాను. రావణుడి వేషం లేకుండా రామాయణం ఆడలేం. అయితే దాని పక్కన ఆ 749 మంది సంగతి రాసిన బోర్డు, పడవకన్నా ముందు కనబడేటట్టు ఉండాలి. లేకపోతే అది చరిత్ర అనిపించుకోదు, ఉత్త యంత్రాల మోజు అనిపించుకుంటుంది.

ఇదంతా తెల్లవాళ్ళ గొడవ, మనకేమిటి అంటారేమో. విశాఖపట్నం బీచికి వెళ్ళినవాళ్ళందరూ కురుసుర జలాంతర్గామిలోకి తలవంచుకుని దూరి వచ్చినవాళ్ళే కదా! 1969 నుంచి 2001 దాకా పనిచేసి, 2002 నుంచి ఇసుకలో మ్యూజియమై కూచుంది. అది కదలదు. అయినా అందులో కథ బతికే ఉంది. ఎందుకంటే, అలాంటివాటిలో పనిచేసి రిటైరైన నావికులే దగ్గరుండి చూపించేవారు. ఇంత సందులో ఇన్నిరోజులు ఎలా పడుకున్నారని మన పిల్లలు అడిగితే, పడుకున్నవాళ్ళే జవాబు చెప్పేవారు. ఇంజను చేసే పని అక్కడ మనిషి గొంతు చేసింది. విక్రాంత్‌కి ఆ అదృష్టం దక్కలేదు. కొన్నాళ్ళు బొంబాయిలో మ్యూజియంగా ఉంచి, ఖర్చు మోయలేక 2014లో పగలగొట్టేశారు. ఇనుపకోట పోయింది, కర్రపెట్టెలు మిగిలాయి. దేన్ని దాచుకోవాలో నిర్ణయించేది అది ఎంత గట్టిదన్నది కాదు, దానికోసం ఎవరు కూచుని గీకుతారన్నది.

అంచేత విస్తరాకులు దాచుకునే ఆ ముసలివాళ్ళని చూసి నేను నవ్వను. పారెయ్యడానికే చేసినదాన్ని దాచుకోవడంలో ఒక ఎదురుప్రశ్న ఉంది: పడవతో పాటు అందులోని పిల్లల్ని కూడా పారెయ్యడానికే లెక్క వేసుకున్నారా అని. ఆ ప్రశ్న వినిపిస్తున్నంతకాలం ఎంత పెట్రోలు పోసినా సరే. వినిపించనినాడు, ఎంత బాగా రంగు వేసినా అది షికారు పడవే.

నడిపేవాళ్ళకి ఒక్క సలహా. కావలసినంత వేగంగా తిప్పండి, పిల్లల్ని కేరింతలు కొట్టనివ్వండి. సరస్సు నడిమధ్యకి వెళ్ళాక ఇంజన్లు మూడూ ఆపెయ్యండి. ఆ నిశ్శబ్దంలో, ఆ పడవ నడిపినవాళ్ళ పేర్లూ, కట్టినవాళ్ళ పేర్లూ, ఆల్చిప్పలు మోసినవాళ్ళ సంగతీ ఒక ఐదు నిమిషాలు చదవండి. ఆ ఐదు నిమిషాల కోసమైతే టిక్కెట్టు డబ్బు దండగ కాదు.